దీపము అక్కడనే యున్నది



కాకినాడనుండి యానామునకు పోవు దారిలో కోరంగి యను ఊరు గలదు. బస్సు కిటికీలోనుండి చూచువారికి అది తక్కిన పల్లెలవంటిదే: కొబ్బరిచెట్లు, ఒక కాలువ, నాలుగు అంగళ్లు, రొయ్యల చెరువులు. కాని రెండువందల సంవత్సరముల క్రిందట ఈ తీరమున పెద్ద ఓడలు కట్టు రేవు ఇదియే. సముద్రము దాటి బర్మాకు కూలికి పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచిరి. శ్రీకాకుళమువాడైనను, విశాఖపట్టణమువాడైనను రంగూనులో కోరంగీయే. ఒక రేవు పేరు ఒక జనమంతటికి పేరైనది. రేవు మాత్రము మిగులలేదు. 1789 డిసెంబరులో వచ్చిన గాలివానకు సముద్రము మూడు అలలుగా లేచి ఊరిమీద పడినది. 1839 నవంబరు 25న మరల పడినది. ఆ రెండవసారి నలువది అడుగుల ఉప్పెన యనియు, మూడు లక్షలమంది చనిపోయిరనియు పుస్తకములు ఒకదానిని చూచి ఒకటి వ్రాసికొనుచున్నవి. అంత జనము ఆ కాలమున ఆ కొద్దిపాటి తీరమున నుండిరా యని నాకు సందేహమే. పదవవంతు తీసికొన్నను గుండె ఆగిపోవు లెక్కయే గదా. ఇప్పుడు మనము నిత్యము వినుచున్న సైక్లోన్ అను మాటను కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్ 1848లో కల్పించెను. అనగా కోరంగి మునిగిననాటికి దానిని ముంచినదానికి ఆ పేరైనను లేదు.

గడచిన జనవరిలో మా సంఘ యౌవనస్థులు కోరంగి మడ అడవులు చూడబోవుచు, పెద్దవాడొకడు వెంటనుండవలెనని నన్ను తీసికొనిపోయిరి. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతమును 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. పడవ కాలువలోపడి చాలదూరము పోయినపిమ్మట, చెట్లమధ్య బ్రిటిషువారి కాలమునాటి పాత దీపస్తంభము కనబడినది. అందు దీపము లేదు. చుట్టును మడచెట్లు, వాటి వేళ్ల సందుల బురద, కొంగలు. పిల్లలు దానిని చూచి నవ్విరి. "అడవిలో లైట్‌హౌసు ఎవరికి కట్టారండీ, నక్కలకా?" అని ఒకడు అడిగెను.

పడవ నడుపుచున్న సరంగు అరువది దాటిన మత్స్యకారుడు. ఆయన నవ్వలేదు. "దీపస్తంభం ఎక్కడికీ పోలేదు బాబూ. అదక్కడే ఉంది. సముద్రమే లేచి అవతలికి పోయింది" అనెను.

ఆ మాట నాతోకూడ ఇంటికి వచ్చి నేటివరకు నన్ను విడిచిపెట్టలేదు. అందుచేతనే ఈ వ్యాసము.

గోదావరి మన నేలను తెచ్చి పరచినదని మన పిల్లలందరికి తెలియును. ధవళేశ్వరము దాటగానే ఆ నది గౌతమి, వసిష్ఠ యని చీలును. వసిష్ఠలోనుండి వైనతేయ చీలును. ప్రతిపాయయు తాను తెచ్చిన ఒండ్రును మొగవద్ద దింపును. ఆ ఒండ్రును సముద్రము ఊరకుంచదు. పోటుతో లోనికి తోసి, పాటుతో బయటికి లాగి, అలలతో ఉత్తరమునకు నడిపించును. ఆ విధముగా గడచిన రెండు శతాబ్దములలో పెరిగినదే కాకినాడ ఎదుట పదునారు కిలోమీటర్ల పొడవున పండుకొనియున్న హోప్ దీవి. దాని చాటున ఓడలకు నెమ్మదియైన నీరు దొరకినది, కాకినాడ రేవుపట్టణమాయెను. కోరంగి రేవు మేటవేసి చచ్చెను. ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకు పోయెదను. కాకినాడకు కాపుదలగా నిలిచిన ఆ ఇసుకదీవియే, ఉత్తరమున ఉప్పాడ ఒడ్డును సముద్రము కోసివేయుటకు ఒక కారణమని తీరమును పరిశీలించినవారు చెప్పుచున్నారు. ఒకరి గోడ మరియొకరి గండి. ఈ సంగతికి మరల వచ్చెదను.

ఈ తీరమున ఇప్పుడు వెలుగు దీపములు వేరుగా నున్నవి. కాకినాడకు ఉత్తరముగా వాకలపూడిలో ఒకటి, వసిష్ఠ కలియుచోట అంతర్వేదిలో ఒకటి, గౌతమి మొగకు దగ్గరగా శాక్రమెంటో అనునది ఒకటి. ఈ మూడవదాని పేరు అక్కడి ఇసుకమేట పేరే. పోర్చుగీసు భాషలో ఆ మాటకు సంస్కారమని, అనగా మనము ప్రభురాత్రి భోజనమును ఏమని పిలుచుదుమో అదే అర్థము. పడవలను పట్టి చీల్చు మేటకు అటువంటి పేరు ఎట్లు కుదిరెనో గాని, ఆ పేరు విన్నప్పుడెల్ల నాకు కొంచెము భయము కలుగును.

దీపస్తంభము పని ఏమో మనలో చాలమంది సరిగా ఆలోచింపరు. నేనును ఆలోచింపలేదు. అది ఓడలను రమ్మని పిలుచునని మన పాటలలోను ప్రసంగములలోను చెప్పుచుందుము. నిజమునకు చాలచోట్ల అది చెప్పునది రావద్దనియే. మరియు దీపము ఒంటరిగా ఏమియు చెప్పజాలదు. 1796లో చెన్నపట్టణపు కోటలో మొదటి దీపము పెట్టినప్పుడు అందు మండినది మన కొబ్బరినూనెయే. తరువాత ఫ్రాన్సు దేశస్థుడగు ఫ్రెనెల్ గాజు వలయములను ఒకదానిచుట్టు ఒకటి పేర్చి, చెదరిపోవు వెలుగునంతను ఒక్క దిక్కునకు త్రిప్పు విధానము కనిపెట్టెను. 1823లో గిరొండ్ నది మొగలోనున్న కొర్దువాన్ స్తంభమునందు దానిని మొదట పెట్టిరి. అదియు ఇసుకమేటల మొగయే. ఆ గాజు వెలుగును పుట్టింపదు, ఉన్నదానిని వృథాపోనీయదు, అంతే. పిమ్మట ప్రతి దీపమునకు ఒక వరుస ఏర్పరచిరి: ఇన్ని క్షణములకు ఇన్నిసార్లు మెరయవలెనని. నావికుడు ఆ మెరపులను లెక్కించి, తన పుస్తకములో చూచి, ఇది ఫలానా దీపమని గుర్తించును. పిమ్మట పటము విప్పి, ఆ దీపమునకు ఏ దిక్కున ఎంత దూరమున మేట యున్నదో చూచుకొనును. కాబట్టి నావను కాపాడునది దీపమొక్కటే కాదు. దీపము, పటము, మేట, ఈ మూడింటికి పొత్తు కుదిరియుండవలెను. దీపము ఒక్క రాత్రియైనను ఆరకుండ వెలుగుచున్నను, క్రింద మేట కదలిపోయి పటము పాతదైయున్నయెడల, ఆ నమ్మకమైన దీపమునే నమ్ముకొని నావ ఇసుక ఎక్కును.

నేనడుగదలచిన ప్రశ్న యిదియే. కదలకుండుట ఎప్పటికిని నమ్మకత్వమేనా?

మన సంఘములలో కదలకుండుటను మెచ్చుకొనుట వాడుక. ఫలానా పెద్ద నలువది యేండ్లు ఒకే మాటమీద నిలిచెనని సమాధి కార్యక్రమములో చెప్పుదుము. మత్తయి సువార్త అయిదవ అధ్యాయములోని దీపస్తంభపు మాటమీద నేనే ఎన్నో ఆదివారములు ప్రసంగించితిని. దీపము కుంచము క్రింద పెట్టకూడదని చెప్పితిని. దీపస్తంభమును ఎక్కడ నిలువబెట్టితిమో అది ఇంకను సరియైన చోటేనాయని చూచుకొనుడని ఒక్కసారియైనను చెప్పలేదు.

చెప్పకపోవుటవలన ఏమి జరిగినదో చెప్పవలెను. పేర్లు వ్రాయను. నాతో పాఠశాలలో పనిచేసిన ఒక ఉపాధ్యాయుని కుమార్తె, నా చేత చదువుకొన్న పిల్ల, 2008 ఎండకాలమున తన భర్త కొట్టుచున్నాడని నాయొద్దకు వచ్చి చెప్పినది. నేను సంఘపెద్దను. అటువంటి వేళ ఏమి చెప్పవలెనో నాకు కంఠస్థముగా నుండెను. పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయము తీసి చదివి వినిపించితిని, ప్రార్థన చేసితిని, ఓర్చుకొమ్మని చెప్పి పంపితిని. మరుసటి యేట మరల వచ్చినది. మరల అదే అధ్యాయము, అదే ప్రార్థన. ఈసారి ఆమె, "మాస్టారూ, ఇదివరకటిలా కాదండి, ఈమధ్య గొంతు పట్టుకుంటున్నాడు" అని చెప్పినది. నేను విన్నాను. వినలేదనుటకు వీలులేదు. అయినను పంపితిని. 2010లో క్రిస్మసునకు పదిరోజులముందు ఆమెను ఆసుపత్రిలో చూచితిని. ఆమె ఎడమ చెవి అప్పటినుండి వినబడదు.

గృహహింసనుండి స్త్రీలను కాపాడుటకు చట్టము 2005లోనే చేయబడినది. 2006 అక్టోబరునుండి అమలులో నున్నది. నేను వార్తాపత్రిక చదువువాడనే. ఆ చట్టముమాట నేనెరుగుదును. అది లోకసంబంధమైన సంగతి, ఇది సంఘసంబంధమైన సంగతియని నాలో నేను గీత గీసికొంటిని. ఇంకొక మాటకూడ చెప్పవలెను. ఆ మూడవ అధ్యాయములో మొదటి ఆరు వచనములు భార్యలకు, ఏడవది భర్తలకు. భార్యను ఎరిగి, సన్మానించి కాపురము చేయవలెననియు, లేనియెడల వారి ప్రార్థనలకే అడ్డు కలుగుననియు అందున్నది. నేను రెండుసార్లును ఆరవ వచనముతో గ్రంథము మూసితిని. ఏడవదానిని ఆ యింటికి పోయి ఆ మనుష్యుని ముందర చదివియుండవలసినది. పోలేదు. అతడు మా సంఘమునకు చందా బాగుగా నిచ్చువాడు. నలుగురిలో మర్యాదగా నడుచువాడు. కాకినాడకు కాపుదలయై, ఉప్పాడను సముద్రమునకు వదలిన దీవిమాట పైన చెప్పితిని గదా. నా స్థిరత్వముచేత మా సంఘము పేరు అలలు తగలకుండ నిలిచినది. ఆ అలలు ఎవరిమీద పడినవో చెప్పితిని.

ఈ సంగతి ఒక స్నేహితునితో, ఆయన కాపరి, మాటలాడినప్పుడు ఆయన ఒక అడ్డు చెప్పెను. ఆ అడ్డు తేలికైనది కాదు. "మీరు చెప్పేది వింటే జాలిగానే ఉంది. కాని మేట కదిలినప్పుడల్లా దీపాన్ని కదిపితే నావికుడు దేన్ని నమ్ముతాడండీ? రోజుకో చోట వెలిగే దీపంకంటె చీకటే నయం. ఈ కాలంవాళ్లు అడిగేది అదే గదా, వాక్యాన్ని మా సౌకర్యానికి జరపమని" అనెను.

ఆయన చెప్పినది నిజము. తిరుగుచుండు దీపము దీపము కాదు. నావికుడు ముప్పది యేండ్లు ఒకే చోట చూచినందుననే దానిని నమ్మును. అందుచేత నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని; కొన్ని వారములు ఆలోచించితిని. తుదకు నాకు తోచినది చెప్పెదను, ఒప్పుకొనుట మీ యిష్టము. రాయి కదలదు, మేట కదలును. విశాఖపట్టణమున డాల్ఫిన్ ముక్కు కొండ నిన్న యున్నచోటనే నేడునున్నది. అక్కడివానికి తాత చెప్పిన గుర్తు మనుమనికిని చెల్లును. గోదావరి మొగలో రాయి లేదు, అంతయు ఇసుకయే. మన నడతకు సంబంధించిన మాటలలోను రాళ్లు గలవు, మేటలు గలవు. బలహీనుని నలుగగొట్టకూడదనుట రాయి. వివాహము తేలికగా త్రెంచదగినది కాదనుట కూడ రాయియేనని నేను ఇప్పటికిని నమ్ముదును. కాని కొట్టబడిన స్త్రీకి ఎల్లప్పుడును ఒకే ఉపదేశము, ఇంటికి పొమ్ము, అనుట రాయి కాదు. అది మన పెద్దలు తమ కాలమున, స్త్రీకి పుట్టినిల్లు తప్ప వేరొక దిక్కులేని కాలమున, కట్టిన స్తంభము. కట్టిన దినమున అదియైనను సరియైన చోటనే యుండెనా యనునది వేరు ప్రశ్న, నాకు సందేహమే. నేను చేసిన తప్పు వాక్యమును పట్టుకొనుట కాదు, స్తంభమును రాయి యనుకొనుట.

ఆ పడవప్రయాణమందే ఆ సరంగుతో ఇంకొంత మాటలాడితిని. మొగ దాటి వేటకు పోవునప్పుడు దారి ఎట్లు తెలియునని అడిగితిని.

"మా నాన్న గుర్తులు చెప్పాడండి. ఫలానా తాడిచెట్టు, ఫలానా గుడి గోపురం ఒక వరసలోకి వస్తే నడిమధ్యని లోతుంటుందని. ఇప్పుడా గుర్తు పట్టుకుని పోతే పడవ ఇసకెక్కేస్తాదండి. మేట ఇవతలికొచ్చేసింది."

"అయితే మీ నాన్న చెప్పింది తప్పా?"

"తప్పెందుకవుతాదండి? ఆయన చెప్పిననాడు నిజమే. ఆయనే ఉండుంటే ఇప్పుడు గడ దింపి చూసుకోమనేవోడు. ఆయన కూడా గడ దింపే గదండీ తెలుసుకున్నాడు."

గడ దింపి చూచుట! అపొస్తలుల కార్యములు ఇరువది యేడవ అధ్యాయమును ఇంటికి వచ్చి మరల చదివితిని. అద్రియ సముద్రములో పదునాలుగవ రాత్రి ఓడవారికి నేల దగ్గరపడుచున్నట్లు తోచినది. అక్కడ ఏ దీపమును లేదు. వారు గుండు వేసి లోతు చూచిరి, ఇరువది బారలు. ఇంకను కొంతదూరము పోయి మరల వేసిరి, పదునైదు. అప్పుడు అమరమునుండి నాలుగు లంగరులు దింపి, తెల్లవారవలెనని కనిపెట్టిరి. ఓడలో పౌలు ఉన్నాడు, ఒక్కరును నశింపరని దేవదూత చెప్పిన మాట ఆయనయొద్ద నున్నది. అయినను ఎవరును గుండు వేయుట మానలేదు, పౌలు మానుమని చెప్పలేదు. వాగ్దానమున్నదని లోతు కొలుచుట అపనమ్మిక కాలేదు. ఈ సంగతి నేనెన్నిసార్లో చదివియు పైపైన దాటిపోయితిని. ఆ పిల్ల నాయొద్దకు వచ్చి, ఇదివరకటిలా కాదండి అన్నప్పుడు చేతిలో గుండు పట్టుకొని వచ్చినది. ఇరువది బారలనుండి పదునైదు బారలకు వచ్చినదని నాతో చెప్పినది. నేను ఒడ్డున నిలిచి, దీపము వెలుగుచున్నది గదా పొమ్మంటిని.

నా స్నేహితుని భయము ఇంకొకటి యున్నది. అది నా భయముకూడ. తప్పైనదని పెద్దలు పైకి చెప్పినయెడల వారి మాటను ఇకమీదట ఎవరు లెక్కచేయుదురు? దీనికి సముద్రముమీద జీవించువారు ఎన్నడో జవాబు చెప్పియున్నారు. ఇంగ్లీషు నౌకాదళమువారి పటముల కార్యాలయము 1834నుండి నావికులకు ప్రకటనలను అచ్చువేయించుచున్నది. ఫలానా మేట జరిగినది, ఫలానా దీపము ఆరినది, ఫలానా పటములో మేము వేసిన లోతు సరికాదు, దిద్దుకొనుడని. ఇప్పుడు వారమువారము వచ్చును. మన దేశపు నౌకాదళమునకును అటువంటి పటముల కార్యాలయము గలదు, అదియు ప్రకటనలు పంపుచునే యుండును. లోకములోని ఏ నావికుడును, ఇన్ని తప్పులు ఒప్పుకొనుచున్నారు గనుక వీరి పటములు కొనననలేదు. ఒప్పుకొందురు గనుకనే కొనుచున్నాడు. ఏబది యేండ్లుగా ఒక్క దిద్దుబాటును ప్రకటింపని పటమును వానిచేతికి ఇచ్చి చూడుడు, దానిని నమ్మి వాడు గోదావరి మొగలో ప్రవేశించునేమో. మన కమిటీ చిట్టాలలో జమాఖర్చుల దిద్దుబాట్లు చూచితిని గాని, ఫలానా కుటుంబమునకు మేము చెప్పిన సలహా తప్పు అని వ్రాసిన పంక్తిని నేనెరిగిన నలువది యేండ్లలో చూడలేదు. మనము ప్రతి ఆదివారము పాపపు ఒప్పుకోలు చదువుదుము. అందరును కలిసి చదువుట సులభము.

మార్చినెలలో కాకినాడ పోతిని. ఆమె ఇప్పుడు జగన్నాథపురములో ఒక చిన్న యింట కుట్టుపని చేసికొనుచు, కుమారుని డిగ్రీ చదివించుచున్నది. నన్ను చూచి లేచి కుర్చీ వేసినది, టీ పెట్టినది. నేను వచ్చిన పని చెప్పుటకు చాలసేపు పట్టినది. ఎడమ ప్రక్కన కూర్చుంటినేమో, ఆమె కుర్చీ జరుపుకొని కుడి చెవి నావైపు పెట్టినది. అప్పుడు చెప్పితిని. నేను చెప్పినది తప్పు అమ్మాయీ, అప్పుడు కూడ తప్పే, వినియుండవలసినది, వినలేదు అని.

ఆమె కొంతసేపు మిషను చక్రముమీద చేయి పెట్టుకొని ఊరకుండెను. "అప్పుడు అందరూ అదే చెప్పారు మాస్టారూ. మా నాన్న కూడా అదే అన్నాడు. కాని నేను మీ మాట మీదే వెళ్లాను" అనెను.

నేను ఏమియు అనలేదు.

"ఇప్పుడు మీ దగ్గరకు ఎవరైనా వస్తే ఏం చెబుతున్నారు?" అని అడిగినది.

ముందు వినుచున్నాననియు, ప్రాణభయమున్నచోట ఆ రాత్రియే వేరొక యింట ఉంచుచున్నామనియు, చట్టముప్రకారము రక్షణాధికారియొద్దకు తోడుపోవుచున్నాననియు చెప్పితిని. ఇంతవరకు ఇద్దరు వచ్చిరి. మగవానియింటికి కూడ పోవుచున్నావా యని అడిగినది. ఒక యింటికి పోతిననియు, ఏడవ వచనము చదివితిననియు, అతడు తలుపు వేసికొనెననియు చెప్పితిని. ఆ మాటకు ఆమె మొదటిసారి కొంచెము నవ్వినది.

లేచి వచ్చుచుండగా గుమ్మమువరకు వచ్చి, "నాతో ఒక్కదానితో చెబితే ఏం లాభం మాస్టారూ? మీరు చెప్పింది విని వెళ్లినవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో. మీ సంఘ పత్రికలో రాయండి. నా పేరు మాత్రం వద్దు" అనెను.